గడప లోపలి తుప్పు

నేనొక పాత స్పోర్ట్సు కారు కొన్న వైనం ఈ శీర్షికలో రాసినప్పటి నుంచీ వస్తున్న ఉత్తరాలు చూస్తే, మన పాఠకులకు ఇతరుల కష్టాలమీద ఎంత ఆసక్తి ఉందో తెలిసింది. "మీ రథం ఎంతవరకు వచ్చింది?" అని కొందరు. "ఉంచారా, వదిలించుకున్నారా?" అని మరికొందరు. ఒకాయన మాత్రం సూటిగా అడిగారు: "తుప్పు పట్టిందని అంత గోల దేనికండీ? గీకేసి, లప్పం పెట్టి, పైన ఇంత రంగు కొడితే పోలా?"

పోదు. ఎందుకు పోదో చెప్పడానికే ఈ వారం కలం పట్టాను.

కొత్తగా చదువుతున్నవారి కోసం రెండు ముక్కలు. కారు పేరు ఎమ్‌.జి.బి. ఆక్స్‌ఫర్డులోని మారిస్ గారేజెస్ అనే పాత కంపెనీ పేరులో మొదటి అక్షరాలే ఆ ఎమ్‌.జి. ఈ నమూనా 1962లో బయటికి వచ్చింది. 1980 అక్టోబరులో ఆబింగ్డన్ కర్మాగారం మూతపడేనాటికి 5 లక్షలకు పైగా తయారైనాయి. రెండు సీట్లు, మడిచి వెనక్కి నెట్టే బట్ట టాపు, 1,798 ఘన సెంటీమీటర్ల ఇంజను. మాది 1972 నాటిది, ఎర్రనిది. మేముంటున్న ఊరు ఆబింగ్డన్‌కు కూతవేటు దూరం కాబట్టి, "పాపం, పుట్టింటికి దగ్గరలో ఉంటుంది" అని మా ఆవిడకు నచ్చజెప్పాను.

"పుట్టిల్లు దగ్గరైతే మాటిమాటికీ అలిగి వెళ్ళిపోతుంది, చూసుకోండి" అన్నదావిడ.

అలక మొదట పసిగట్టింది కూడా ఆవిడే. ఒక ఆదివారం షికారుకు వెళ్ళి వచ్చాం. ఇంటిముందు దిగి, తలుపు వేసి, మళ్ళీ తీసి, మళ్ళీ వేసి, "ఏమండీ, నేను ఎక్కేటప్పుడు ఈ తలుపు ఒకలా పడుతోంది, లోపల కూచున్నాక ఒకలా పడుతోంది. నా బరువు సంగతి ఎత్తారంటే బాగుండదు, ముందే చెబుతున్నాను" అన్నది.

నేను వంగి చూశాను. తలుపు వెనక అంచుకీ కారు ఒంటికీ మధ్య ఉండే సందు కింద వేలు పట్టేంత ఉంది. పైకి వచ్చేసరికి పోస్టుకార్డు కూడా దూరదు. అక్కడ రంగు కొంచెం రాసుకుపోయింది కూడా. "బందులు అరిగి ఉంటాయి" అని తేల్చేసి, బందులకు నూనె వేసి, చేతులు కడుక్కుని భోజనానికి కూచున్నాను. రోగం ఒకటైతే మందు ఒకటి వేయడమంటే ఇదే.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. చిన్నతనంలో ఆబింగ్డన్ కర్మాగారంలోనే పనిచేశాడు. మర్నాడు గోడమీది నుంచి తొంగిచూసి, నేను నూనెడబ్బా పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉండటం గమనించి, కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఇంజను కప్పు ఎత్తి చూపిద్దామని నేను ఉబలాటపడితే చేత్తోనే వద్దన్నాడు. తలుపు దగ్గర చతికిలబడి, ఆ సందువంక కాసేపు చూసి, "నీ ఇంట్లో అయస్కాంతం ఉందా నాయనా?" అని అడిగాడు.

ఫ్రిజ్ మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్న ఏనుగు బొమ్మ తెచ్చి ఇచ్చాను. రంగు గీసుకుపోకుండా దాని కింద పల్చటి కాగితం పెట్టి తలుపుకు తగిలించాడు, కరుచుకుని నిలబడింది. ముందు మడ్‌గార్డుకు తగిలించాడు, నిలబడింది. తలుపు కింద, మనం ఎక్కేటప్పుడు కాలు దాటించే చోట తగిలించాడు. ఏనుగు జర్రున జారి నేలమీద పడింది. ఒక జానెడు ఇవతల తగిలించాడు. మళ్ళీ పడింది.

"ఇక్కడ రంగు ఉంది, లప్పం ఉంది. ఇనుమే లేదు" అన్నాడు పెద్దాయన.

అంతటితో ఆగలేదు. తలుపు మూసి ఉంచి, ఆ పక్కకు జాకీ వేసి మెల్లగా ఎత్తమన్నాడు. చక్రం ఇంకా నేల వదలలేదు. ఇందాక పోస్టుకార్డు దూరని సందు కళ్ళముందే వెడల్పయింది! గట్టిగా ఉన్న బండిని ఎక్కడ ఎత్తినా మొత్తం ఒక్క ముక్కగా లేస్తుంది. ఇది నడుం విరిగిన మంచంలాగా ఒకచోట ఎత్తితే మరోచోట వంగుతోంది.

ఇక్కడ కొంచెం లోతుకు వెళ్ళాలి. మన ఎడ్లబండి చూడండి. కింద పోలుగర్రలు, ఇరుసు ఉంటాయి; పైన తొట్టి ఉంటుంది. తొట్టి పుచ్చిపోతే తీసి మరొకటి పెట్టుకుంటాం, బండి నడుస్తూనే ఉంటుంది. పాతకాలం కార్లూ అంతే. ఎమ్‌.జి.బి.కి ముందు వచ్చిన ఎమ్‌.జి.ఏ. అనే కారుకు కింద వేరే ఇనుప చట్రం ఉండేది. పైనున్న ఒళ్ళు దానిమీద కూచునేది. ఎమ్‌.జి.బి.లో ఆ చట్రం తీసేశారు. రేకులనే మడిచి, పెట్టెలుగా అతికి, ఒంటినే చట్రం చేశారు. ఎండ్రకాయకు లోపల ఎముకలుండవు, పైచిప్పే దాని ఎముక. ఈ కారు ఆ జాతిది. కాబట్టి దీని ఒంటికి పట్టిన తుప్పు చర్మరోగం కాదు, ఎముకల రోగం.

మూసిన కారుకు పైకప్పు కూడా ఒక దూలంలాగా పనిచేస్తుంది. మాది టాపులేని కారు. చెప్పుల అట్టపెట్టె ఒకటి తీసుకుని, మూత పెట్టి మెలితిప్పి చూడండి. తరవాత మూత తీసి మెలితిప్పండి. తేడా చేతికే తెలుస్తుంది. మూతలేని పెట్టెలో ముందుభాగాన్నీ వెనకభాగాన్నీ కలిపి పట్టుకునేవి ముఖ్యంగా రెండు పక్కలా తలుపుల కిందనున్న దూలాలూ, మధ్యన గేర్లకోసం ఎత్తుగా కట్టిన సొరంగమూను. ఆ పక్కదూలాలను ఇంగ్లీషువాళ్ళు సిల్ అంటారు. మన మాటలో చెప్పాలంటే గడప.

ఆ గడప ఒక్క రేకు కాదు. బయట మనకు కనిపించేది ఒకటి. దాని వెనక నిలువుగా నడిమిరేకు. దానికి అవతల, తివాసీ కింద లోపలిరేకు. వీటన్నిటికీ అడుగున, కారు నేలను అంటుకుని పొడుగునా ఒక మడతపట్టీ; పనివాళ్ళు దాన్ని 'కాసిల్ రైల్' అంటారు, కోటపట్టీ అనుకోండి. ఈ నాలుగూ అంచులు కలిపి చుక్కచుక్కగా అతికితే బోలుగా, తేలికగా, గట్టిగా ఒక దూలం తయారవుతుంది. రేకు మందం చూస్తే సుమారు ఒక మిల్లీమీటరు! బలం రేకులో లేదు, పెట్టె ఆకారంలో ఉంది. పెట్టెకు ఒక పక్క ఊడిందా, మిగతా మూడు పక్కలూ ఉండీ లేనట్టే.

మరి తుప్పు లోపలి నుంచే ఎందుకు పడుతుంది? ఇంగ్లండులో చలికాలం రోడ్లమీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. చెషైర్ జిల్లా విన్స్‌ఫర్డులో భూమిలోపల పెద్ద ఉప్పుగని ఉంది. రోడ్లకు చల్లే రాతి ఉప్పు అక్కడ తవ్వుతారు. ముందుచక్రాలు ఈ ఉప్పుబురదను వెనక్కి చిమ్ముతాయి. దాన్ని ఆపడానికి మడ్‌గార్డు లోపల ఒక అడ్డురేకు, దాని అంచుకు రబ్బరు పెట్టారు. ఏళ్ళు గడిచేసరికి రబ్బరు ఎండి బిగుసుకుపోతుంది. బురద ఆ సందులోంచి దూరి గడప కొసమీద చేరి, ఎండాకాలంలో కూడా చెమ్మ ఆరకుండా తిష్ఠవేస్తుంది. ఇటు టాపు కారితే వాన నీరు తివాసీ కింద నిలుస్తుంది. అంటే గడపకు రెండువైపులా తడే.

ఇనుము తుప్పుపట్టడానికి నీరూ, గాలిలోని ఆమ్లజనీ రెండూ కావాలి. ఉప్పు కలిస్తే ఆ నీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది, పని జోరుగా సాగుతుంది. ఇందులో ఒక చిత్రం ఉంది. రెండు రేకులు ఆనుకున్న సన్నని సందులోకి తడి చేరింది అనుకోండి. సందు మొదట్లో గాలి ఆడుతుంది, లోలోపల ఆడదు. గాలి ఆడే చోటే తుప్పు ఎక్కువ పడుతుందని మనం అనుకుంటాం. జరిగేది అది కాదు. రెండు చోట్లకూ మధ్య చిన్న బ్యాటరీలాంటిది ఏర్పడి, గాలి ఆడని లోపలి ఇనుమే కరిగిపోతుంది. అంటే, రేకులు కలిసే అతుకు దగ్గరే, కంటికి కనబడని చోటే, బలం ఎక్కువ కావలసిన చోటే పుచ్చు మొదలవుతుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుముకంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. మడతకాజా పొరల్లాగా పొంగి, అతుకులను పళ్ళుపళ్ళుగా ఊడదీస్తుంది. ఇంత జరిగినా బయటి రేకుమీద రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప లోపల చెద తిరుగుతున్నట్టు.

సరే, కథకు వద్దాం. పెద్దాయన సలహామీద తివాసీ ఎత్తి, గడపకు అడుగున నీరు కారిపోవడానికి ఉంచిన చిల్లుల కోసం వెదికాను. ఒక్కటీ కనబడలేదు. నల్లటి తారు లాంటి పూత దట్టంగా పులిమి అన్నీ మూసేశారు. నీరు పోయే దారి మూస్తే తుప్పు ఆగుతుందని ఎవరో మహానుభావుడు అనుకున్నాడు. గీకి చూస్తే, అసలు గడపమీద మరొక కొత్త గడప తొడిగి ఉంది! పుచ్చిన దాన్ని తీయకుండా, దానిమీదే ఒక రేకు కప్పి, అంచులు నాలుగైదు చోట్ల అంటించి, ఖాళీలు లప్పంతో పూడ్చి రంగు కొట్టారు. 'పైన పటారం, లోన లొటారం' అన్న మాటకు బొమ్మ గీయాలంటే ఇంతకంటే వేరే అక్కర్లేదు.

ఆ కప్పురేకు కోసి లాగితే ఏం బయటపడిందో తెలుసా? వార్తాపత్రిక! లప్పం లోపలికి జారిపోకుండా దన్నుగా కాగితాలు కుక్కారు. ఒక ముక్కమీద 1987 అని చదవగలిగాను. ఎవరిదో ఫుట్‌బాల్ ఆట వార్త, పక్కన సగం చిరిగిన సబ్బు ప్రకటన. నడిమిరేకు అనేది పైన నాలుగంగుళాలు తప్ప లేదు. కోటపట్టీ చేత్తో నలిపితే తేయాకు పొడిలా రాలింది.

నేను ఆ కాగితం ముక్క పట్టుకుని చాలాసేపు అలాగే కూచున్నాను. సీటు బెల్టు కొక్కెం ఒకటి ఈ గడప లోపలిరేకుకే బిగిస్తారు. 1987 నుంచీ ఎందరు ఈ కారులో కూచున్నారో! ఎందరు బెల్టు పెట్టుకుని, బందోబస్తుగా ఉన్నామనుకుని, పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని సముద్రతీరానికి వెళ్ళివచ్చారో! ఆ బెల్టు రెండో కొస వార్తాపత్రిక పక్కన వేళ్ళాడుతోందని వాళ్ళకు తెలియదు. నాకూ మొన్నటిదాకా తెలియదు. మా ఆవిడ ఆ సీటులోనే కూచుంది.

ఆ వారంలోనే ఒక బేరం వచ్చింది. ఊళ్ళో ఒకాయన కారు చూసి ముచ్చటపడ్డాడు. "ఆ తీసిన రేకు మళ్ళీ అంటించి, రంగు కొట్టి ఇచ్చెయ్యి, నువ్వు పెట్టిన డబ్బు నీకు ఇస్తాను" అన్నాడు. మూడు నెలల జీతం పోసి కొన్నవాణ్ణి. దాచడమెందుకు, మనసు ఊగింది. లోపల ఎలా ఉందో ఆయనకు చెప్పాను కదా, ఇక పాపం నాది కాదు అని సమాధానం కూడా చెప్పుకున్నాను.

అన్నం వడ్డిస్తూ మా ఆవిడ అడిగింది: "ఆయనకు చెప్పారు, బాగానే ఉంది. ఆయన దగ్గర కొన్నవాడికి ఎవరు చెబుతారు?"

జవాబు లేదు. ఇక్కడి చట్టం కూడా జవాబు చెప్పదు. కార్లకు ఏటేటా చేసే పరీక్ష ఒకటి ఉంది, ఎమ్‌.ఓ.టి. అంటారు, 1960లో మొదలైంది. సీటు బెల్టులు, చక్రాల ఊతాలు, స్టీరింగు బిగించిన చోట్ల నుంచి 30 సెంటీమీటర్ల లోపల ఒంటికి తుప్పు పట్టి బలం తగ్గిందని తేలితే ఆ కారు తప్పినట్టే. అయితే పరీక్షించేవాడు పైనుంచి చూసి, తట్టి తెలుసుకోవలసిందే గాని, కారు విప్పి చూడడు. పైగా 2018 మే నుంచి, 40 ఏళ్ళు నిండి, పెద్ద మార్పులేవీ చేయని కార్లకు ఆ పరీక్ష కూడా తప్పనిసరి కాదన్నారు. బండిని రోడ్డుకు తగినట్టు ఉంచే బాధ్యత మాత్రం యజమానిదే. అంటే చూసేవాడు లేడు, పూచీ మాత్రం ఉంది. అటువంటి పూచీ మోయడమే కష్టం సుమండీ.

బేరం వద్దని చెప్పేశాను.

ఇక రిపేరు. కావాలంటే మొత్తం కొత్త ఒళ్ళే కొనుక్కోవచ్చు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత అచ్చులను వెదికి పట్టుకుని 1988 నుంచి ఎమ్‌.జి.బి. ఒళ్ళు కొత్తవి తయారుచేస్తోంది. అంత డబ్బు మన దగ్గర లేదు. విడివిడిగా గడపలు, పట్టీలు కూడా దొరుకుతాయి, అవి తెప్పించాను. పార్సెలు విప్పిన ఉత్సాహంలో రంపం అందుకుని రెండు పక్కల గడపలూ ఒకేసారి కోసి పారేద్దామని బయలుదేరాను. పెద్దాయన కర్ర అడ్డంపెట్టాడు.

"ఇంటి దూలం మార్చేటప్పుడు ముందు ఏం చేస్తారు మీ దేశంలో?"

"ఊతం పెడతాం."

"మరి పెట్టు."

ఆ ఊతం పెట్టడానికే రెండు వారాలు పట్టింది. కోతకంటే, అతుకుకంటే ఇదే అసలు పని అని తరవాత తెలిసింది. గడప తీసేస్తే కారు వంగిపోతుంది. వంగినదాన్ని అలాగే కొత్త గడప వేసి అతికితే, ఆ వంకర శాశ్వతం. ఇక ఏ జన్మకూ తలుపు పడదు. అందుకని కారును చదునైన నేలమీద, ఇనుప స్టాండ్లమీద నిలబెట్టాం. నడుంకింద కాదు, చక్రాలమీద నిలబడినప్పుడు బరువు ఎక్కడ మోపుతుందో ముందూ వెనకా సరిగ్గా అక్కడే. రసమట్టం పెట్టి నాలుగు మూలలూ సరిచూశాం. వంగిన నడుమును కింద జాకీతో వెంట్రుకవాసి చొప్పున ఎత్తుతూ తలుపు సందు పైనా కిందా సమానమయ్యేదాకా తెచ్చాం. అప్పుడు తలుపు తగిలించే ముందు స్తంభానికీ, గడియపడే వెనక స్తంభానికీ మధ్య అడ్డంగా ఇనుప కడ్డీలు అతికి బిగించాం. మూల నుంచి మూలకు టేపు పట్టి కొలతలన్నీ గోడమీద సుద్దతో రాశాం. ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్క ముట్టుకోకూడదని ఒట్టు వేయించుకున్నాడు పెద్దాయన.

నిప్పుతో పని కాబట్టి జాగ్రత్తలు కూడా చెప్పాలి. పెట్రోలు టాంకు ఖాళీ చేసి, దించి, దూరంగా పెట్టాం. ఈ కారుకు సీట్ల వెనక ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండుంటాయి, రెండూ తీసేశాం. తివాసీలు, అట్టలు, రబ్బర్లు అన్నీ పీకేశాం. ఇంత చేసీ ఒకటి మరిచాను. ఎప్పుడో ఎవరో గడపలోకి చిమ్మిన మైనంనూనె పైభాగంలో అంటుకుని ఉంది. వెల్డింగు మొదలుపెట్టిన అయిదు నిమిషాలకు గడప కొసలోంచి నల్లటి పొగ, వెనకే ఎర్రటి నాలుక! ఇసుకబాల్చీ, మంటలార్పే సీసా పక్కనే ఉన్నాయి కాబట్టి సరిపోయింది. వెల్డింగు పక్కన ఒక మనిషి ఊరికే నిలబడి చూస్తూ ఉండాలని పెద్దవాళ్ళు ఎందుకంటారో ఆ రోజు అర్థమైంది. ఆ మనిషి మా ఆవిడే.

అతుకులోనూ ఒక వరస ఉంది. బయటి నుంచి లోపలికి కాదు, లోపలి నుంచి బయటికి. పుచ్చిన రేకును 'ఇంతే కదా' అనిపించే చోట కాక, తెల్లగా మెరిసే మంచి ఇనుము వచ్చేదాకా కోయాలి. పల్చబడ్డ రేకుకు వెల్డింగు పట్టదు. అప్పడంలాగా చిల్లుపడి పోతుంది. మొదట నేల అంచు, లోపలిరేకు, కోటపట్టీ. వాటిమీద నడిమిరేకు. అన్నిటికంటే ఆఖర బయటిరేకు. కర్మాగారంలో యంత్రం చుక్కచుక్కగా ఎక్కడ అతికిందో ఆ చోట్లనే కొత్తరేకుకు చిల్లులు పెట్టి, ఆ చిల్లులు నింపుతూ అతకాలి. ఒకే చోట వరసగా అతికితే వేడికి రేకు మెలికపడుతుంది. ఇక్కడొకటి, అక్కడొకటి, మధ్యలో చల్లారనిచ్చి మరొకటి.

ప్రతి అంచెకూ ముందు తలుపు తగిలించి, మూసి చూడాలి. "అతికాక చూద్దాంలే" అని నేను ఒక సాయంత్రం తొందరపడ్డాను. బయటి గడపను నాలుగు చోట్ల అంటించి, గర్వంగా తలుపు తెచ్చి తగిలిస్తే, కింది అంచు గడపకు తగిలి ఆగిపోయింది. అయిదు మిల్లీమీటర్ల తేడా! నాలుగు అతుకులే కాబట్టి మర్నాడు సగంరోజులో వాటిని తొలిచి విప్పగలిగాను. పూర్తిగా అతికి ఉంటే ఈ వ్యాసం వేరే విధంగా ఉండేది. బహుశా ఉండేదే కాదు.

రెండు రేకులు కలిసే ప్రతి అంచుకూ లోపల జింకు కలిసిన పూత పూయాలి. పక్కపక్కనే ఉన్నప్పుడు జింకు తాను తరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. ఈ కిటుకు పాతదే. 1824లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త, ఓడల అడుగున కొట్టిన రాగిరేకులను ఉప్పునీరు తినేయకుండా ఇనుమో, జింకో ముక్కలు తగిలించి కాపాడవచ్చునని చూపించాడు. ఇద్దరున్న చోట ఒకరు అరిగిపోతే రెండోవారు నిలబడతారన్నమాట. "మన ఇంట్లో జింకు ఎవరు?" అని మా ఆవిడ అడిగింది. నేను విననట్టు ఊరుకున్నాను.

రంగు ఆరిన తరవాత సన్నటి గొట్టంతో గడప లోపల మైనంనూనె చిమ్మాలి. అది సందుల్లోకి తానే పాకుతుంది. నీరుపోయే చిల్లులు మూసుకుపోకుండా ఒక్కొక్కటీ పుల్లతో పొడిచి చూడాలి. ఎన్ని పూతలు పూసినా, ఏదో దారిన తడి రాకమానదు. వచ్చిన తడికి పోయే దారి ఉంచడమే అన్నిటికంటే పెద్ద మందు.

ఆ బయటిరేకు ఆఖరిసారి మూసే ముందు జరిగిన చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. లోపల కొత్త నడిమిరేకు, పూత ఆరి, శుభ్రంగా కనబడుతోంది. మా ఆవిడ వంటింట్లోంచి పసుపూ కుంకుమా తెచ్చింది. వెల్డింగు పడే అంచులు వదిలిపెట్టి, నడిమిరేకుకు పసుపు రాసి మూడు బొట్లు పెట్టింది. పెద్దాయన వింతగా చూసి, ఇదేమిటని అడిగాడు. గడప కదా, మా ఊళ్ళో అంతే అన్నది.

"ఇంకో గంటలో రేకు మూసేస్తాం. ఎవరికీ కనబడదు కదమ్మా?"

"కనబడే చోట రంగు ఉందిగా" అన్నదావిడ.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా చెప్పాడు. ఆబింగ్డన్‌లో తాము ఒళ్ళు తయారుచేసేవారు కాదట. స్విండన్‌లో రేకులు అతికి, రంగులు పూసుకుని లారీలమీద వచ్చేవట. ఇంజన్లు, చక్రాలు బిగించి పంపడమే తమ పని. "ఎన్ని వందల కార్లు నా చేతులమీదుగా పోయాయో! గడప లోపల ఎలా ఉంటుందో ఒక్కనాడూ చూడలేదు. చూడవలసిన అవసరం ఉందని కూడా తోచలేదు" అన్నాడు. వంగి, ఆ బొట్లవంక మరొకసారి చూసి, క్లాంపు తన చేత్తోనే బిగించాడు.

ఒక పక్క పూర్తయింది. అడ్డకడ్డీలు కోసేసిన రోజున మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. కారు కదలలేదు. తలుపు వేస్తే 'టక్' మని ఒక్క చప్పుడుతో పడింది. పోస్టుకార్డు పైన ఎంత దూరిందో కిందా అంతే దూరింది. జాకీ వేసి ఎత్తితే మొత్తం ఒక్క ముక్కగా లేచింది.

రెండో పక్క ఇంకా ఉంది. ఏనుగు బొమ్మ అక్కడా జారిపడింది. అందులో ఏ సంవత్సరం పత్రిక ఉందో చూడాలి.

గీకి రంగు కొడితే పోలా అని రాసిన మిత్రుడికి నాకు కోపమేమీ లేదు. మొదట నేనూ అదే అనుకున్నాను. 1987లో ఆ కాగితాలు కుక్కిన ఆసామీ అదే అనుకున్నాడు. ఎప్పుడైనా ఇటు వస్తే మా ఇంటికి రండి. రెండో పక్క కూడా పూర్తయ్యాక షికారు తీసుకువెడతాను. ఎక్కేటప్పుడు మాత్రం గడపమీద కాలు వేయకండి. తుప్పుకు భయపడి కాదు. మా ఆవిడ ఊరుకోదు.